చెక్క చేప చేపలా కనిపించడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చెక్కిన చేపలో జీవం లేదనిపిస్తే చాలామంది రంగును అనుమానిస్తారు. లోపం ఎక్కువగా అంతకంటే ముందే, ఒంటి ఆకారంలోనే ఉంటుంది. ఇక్కడ ఉదాహరణగా శీలావతిని, అదే మార్కెట్లో రోహు అనే చేపను తీసుకుంటున్నాను. చెక్క తెల్ల పొణికి. కొండపల్లి బొమ్మలు చేసేది దీంతోనే.

పక్క నుంచి చేప, పై నుంచి పలక

కారణం: చేప బొమ్మను పక్క నుంచి మాత్రమే గీసి, రంపంతో కోసి, అంచులు గుండ్రం చేసి వదిలేయడం.

పరిష్కారం: పొలుసు తీయించని చేపను కొని తెచ్చుకోండి. కాగితం మీద పెట్టి పక్క రూపం గీయండి, తర్వాత పై నుంచి కనిపించే రూపమూ గీయండి. మొప్పల వెనక ఒళ్లు బాగా లావుగా ఉండి, తోక వైపు సన్నబడుతూ పోతుంది. మొప్పల దగ్గర, వీపు రెక్క దగ్గర, తోక మొదట్లో, మూడు చోట్ల అడ్డుకొలత తీసి అట్టముక్కలు కత్తిరించుకోండి. చెక్కుతూ వాటిని ఆనించి చూస్తే ఇంకా ఎక్కడ తీయాలో తెలిసిపోతుంది. వీపు మీద, పొట్ట కింద పెన్సిల్‌తో నడిమి గీత ఉండాలి. ఉలి దాన్ని తీసేసిన ప్రతిసారీ మళ్లీ గీయాలి. ఈ ఒక్క ఓపిక లేకే చాలా చేపలు ఒక పక్కకి ఉబ్బిపోతాయి.

ఈదుతున్నట్టు తోక కాస్త వంగాలంటే ఆ వంపు మొద్దు మీదే గీసుకోవాలి. చెక్కడం అయ్యాక వంపు రాదు.

రోహు చెక్కితే బొచ్చె అంటున్నారు

నోరు చూడండి. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, తల పెద్దది. రోహుకు నోరు కిందికి ఉంటుంది, పెదవి అంచు కుచ్చులా ఉంటుంది, చిన్న మీసాలుంటాయి.

పొలుసులు వల గీసినట్టున్నాయి

అన్నీ ఒకే సైజులో, ఒకే లోతులో కొట్టడం వల్ల ఇలా అవుతుంది. పొలుసులు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, తెరుచుకున్న అంచు తోక వైపే ఉంటుంది. ముందు పార్శ్వ రేఖ, అంటే ఒంటి పక్కన మొప్ప నుంచి తోక దాకా కనిపించే గీత, గీసి, అక్కడి నుంచి పైకీ కిందికీ వరసలు వేయండి. రోహుకు ఆ రేఖ మీద 40 నుంచి 44 పొలుసులుంటాయి. తోక దగ్గరా పొట్ట కిందా చిన్నవి చేయాలి. గుండ్రటి అంచు ఉలితో గుర్తు కొట్టాక, ప్రతి పొలుసు వెనక కాస్త చెక్క తీస్తేనే అంచు పైకి లేస్తుంది.

అంచులు నూగులా లేస్తుంటే ఉలికి పదును తగ్గింది. పొణికి మెత్తన కాబట్టి మొద్దుబారిన ఉలి దాన్ని కోయదు, నలిపేస్తుంది. ఉలి నూరండి, ఒక పూత శాండింగ్ సీలర్ (చెక్క సన్న రంధ్రాలను పూడ్చే పూత) వేసి ఆరనిచ్చి మళ్లీ చెక్కండి.

రెక్కలు విరిగిపోతున్నాయి

ఒంటితో కలిపి చెక్కితే రెక్కలో చెక్క నార అడ్డంగా పడుతుంది, అక్కడే పుటుక్కున విరుగుతుంది. రెక్కను విడిగా చెక్కండి. అందులోని పుల్లల వెంటే నార సాగాలి. ఒంట్లో గాడి తీసి జిగురుతో దించండి. పలచటి అంచుకు ఫెవిక్విక్ పట్టిస్తే గట్టిపడుతుంది.

కళ్లు ఎగుడుదిగుడు

మొద్దు ఇంకా చదరంగా ఉన్నప్పుడే కంటి చోట సన్నటి రంధ్రం ఇటు నుంచి అటు దాకా తిన్నగా వేయండి. చేపకు కనురెప్పలుండవు, అంచు చుట్టూ మడత చెక్కవద్దు.

పగుళ్లు

చెక్క పచ్చిగా ఉంది, లేదా దుంగ నడిమి భాగం అందులో ఉంది. ఆరేటప్పుడు చెక్క చుట్టు దిశలో ఎక్కువ కుంచించుకుంటుంది, నడిమి వైపు తక్కువ. ఆ తేడాకే చీలుతుంది. నడిమి భాగం తీసేసి, కోసిన కొసలకు మైనం పూసి, నీడలో ఆరబెట్టండి. వచ్చిన పగులుకు కొండపల్లి పద్ధతే మంచిది: చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు. పెద్ద పగులైతే అదే చెక్క పేడు దించండి.

రంగు బొమ్మలా మెరుస్తోంది

వెండి రంగు ఎక్కువైంది. వీపు ముదురు, పక్కలు బూడిద రంగు, పొట్ట తెలుపు వేసి, ఆరాక ముత్యపు మెరుపు రంగును బాగా పలచగా పూయండి. తెల్లటి పొట్ట కొన్నాళ్లకు పసుపెక్కితే కారణం నూనె వార్నిష్. దాని బదులు నీళ్లతో కలిసే యాక్రిలిక్ క్లియర్ వాడండి.