వరంగల్ నుంచి రైలా, విమానమా? ఇంటి గడప నుంచి లెక్కేస్తేనే తేలుతుంది

హైదరాబాద్ నుంచి చెన్నైకి విమానంలో గంటా పావు. హన్మకొండలో ఇల్లున్నవాళ్ల ప్రయాణంలో మాత్రం అది చిన్న ముక్కే. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది కానీ, అక్కడి నుంచి విమానాలు ఎగిరేదాకా మన లెక్క శంషాబాద్ నుంచే.

ముందు ఈ కూడిక చేయండి. ఇంటి నుంచి శంషాబాద్‌కు జనగామ, భువనగిరి మీదుగా వచ్చి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే కారులో మూడు నుంచి మూడున్నర గంటలు. విమానాశ్రయంలో రెండు గంటలు. దిగాక బ్యాగులు తీసుకుని ఊళ్లోకి చేరడానికి గంటన్నర, బెంగళూరులో అయితే రెండు. అంటే ఏ ఊరికి వెళ్లినా గాల్లో ఉండే సమయం కాక దాదాపు ఏడు గంటలు పోతాయి. దానికి విమాన సమయం కలిపి రైలు సమయం పక్కన పెట్టండి.

విశాఖకు ఈ పోటీ ఉండదు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ వరంగల్‌లో ఆగుతుంది, ఏడు గంటల్లో దింపుతుంది. విమానంలో వెళ్తే ఎనిమిది దాటుతుంది. రాత్రి నిద్రలో వెళ్లాలనుకుంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నైకి రైలు పది పదకొండు గంటలు, విమానంతో కలిపి ఎనిమిదిన్నర. రెండు గంటల తేడా కోసం రాత్రి బెర్తు వదులుకోవడం దండగ. ఢిల్లీ లెక్క వేరు. కాజీపేట నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు ఒక రోజు పడుతుంది, విమానంలో అంతా కలిపి పది గంటల లోపే. మా లెక్కలో గీత పన్నెండు గంటల దగ్గర: రైలు అంతలో చేరిస్తే రైలే. అంతకు మించితే, ముఖ్యంగా సెలవు దొరకనివాళ్లు, విమానం చూసుకోవచ్చు.

ఆదిలాబాద్ వాళ్లు అలవాటుకొద్దీ హైదరాబాద్ వైపే చూస్తారు. హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200 దగ్గర. ఢిల్లీ, ముంబైలకు నాగ్‌పూర్ నుంచి ఛార్జీ కూడా చూశాకే టికెట్ కొనండి.

రైలు అనుకుంటే ముందుగా స్టేషన్ సరిచూసుకోండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ రాదు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌కు వరంగల్‌లోనే ఎక్కాలి. రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లు, రైలేమో రెండు మూడు నిమిషాలు ఆగుతుంది. పొరపాటు తెలిసేసరికి రైలు వెళ్లిపోతుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. మధ్య స్టేషన్ల కోటా చిన్నది, కాజీపేట నుంచి వెతికితే ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ అనే చిన్న కోటాల వెయిటింగ్ జాబితాలే కనిపిస్తుంటాయి. అవి నెమ్మదిగా కదులుతాయి. అప్పుడు రైలు బయల్దేరే హైదరాబాద్ నుంచి చూడండి. అక్కడ జీఎన్‌డబ్ల్యూఎల్ (సాధారణ వెయిటింగ్ జాబితా) ఉంటే కన్ఫర్మ్ అయ్యే ఆశ ఎక్కువ. కొద్దిగా ఎక్కువ ఛార్జీ కట్టి అలా బుక్ చేసి, బోర్డింగ్ పాయింట్‌ను కాజీపేటకు మార్చుకోవాలి. ఈ మార్పు కనీసం ఒక రోజు ముందే చేయండి. మర్చిపోతే హైదరాబాద్‌లో రాలేదని టీటీఈ మీ బెర్తు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. మార్చాక మాత్రం హైదరాబాద్‌లో ఎక్కే హక్కు ఉండదు.

తత్కాల్ ముందు రోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి తెరుస్తారు. ఆన్‌లైన్‌లో ఆధార్ ధృవీకరణ అయిన ఖాతా ఉండాలి, ఆ పని అదే ఉదయం మొదలుపెడితే టికెట్ దక్కదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే డబ్బు రాదు. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వస్తుంది, అయితే రైలు మీ స్టేషన్ దాటకముందే టీడీఆర్ (డబ్బు వాపసుకు పెట్టే అర్జీ) వేయాలి.

విమానం అనుకుంటే అసలు ప్రమాదం గాల్లో కాదు, శంషాబాద్ చేరే దారిలో ఉంది. రైల్లో వెళ్లి విమానం ఎక్కాలనుకుంటే రైలు చేరే వేళకూ విమానం బయల్దేరే వేళకూ మధ్య కనీసం ఐదు గంటలు ఉంచండి. రెండు వేర్వేరు టికెట్లు కాబట్టి, రైలు ఆలస్యమై విమానం తప్పితే బాధ్యత ఎవరూ తీసుకోరు. పైగా ఆ రైలు సికింద్రాబాద్ వెళ్తుందా, చర్లపల్లిలోనే ఆగుతుందా అన్నది టికెట్ మీద చూడాలి. ఒక్కరే వెళ్తుంటే హన్మకొండ బస్సులో ఉప్పల్‌లో దిగి విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సు పట్టుకోవడం చవక. నలుగురైతే ట్యాక్సీయే నయం. మెట్రో శంషాబాద్ దాకా పోదు. మేడారం జాతర రోజుల్లో ఆర్టీసీ బస్సులు అటు మళ్లుతాయి, రోడ్డూ నిండిపోతుంది, ఇంకో గంటన్నర కలపండి.

విమాన వేళ చూసేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దు. చవగ్గా కనిపించే ఉదయం 6 గంటల విమానానికి అర్ధరాత్రి ఇల్లు కదలాలి, లేదంటే హైదరాబాద్‌లో గది తీసుకోవాలి. పొద్దున 11 తర్వాత బయల్దేరేది, తిరుగు ప్రయాణంలో సాయంత్రం 6 లోపు దిగేది మనకు కుదురుతాయి. ట్యాక్సీ, గది ఖర్చులు కూడా కలిపాకే విమానం ధరను సెకండ్ ఏసీతో పోల్చండి.

ఇక సామాను. దేశీయ విమానాల్లో మామూలుగా 15 కిలోల బ్యాగు, చేతిలో 7 కిలోలు. రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలకు 40 కిలోలు, సెకండ్ ఏసీకి 50. బిడ్డకు బియ్యం, పచ్చళ్లు మోసుకెళ్లేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు. ఎనుమాముల మిరప కారం, మిరప పచ్చడి చేతి బ్యాగులో రానివ్వరు, చెక్-ఇన్‌లో గట్టిగా సీలు చేసి పెట్టాలి. ఎండు కొబ్బరి చెక్-ఇన్‌లో పనికిరాదు. పవర్ బ్యాంక్ కూడా చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి.

డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు రెండింటినీ ఆపుతుంది, ఆ రోజుల్లో మధ్యాహ్నం దిగే విమానం కొంత మేలు. వానాకాలంలో విజయవాడ వైపు రైలుంటే బయల్దేరే ముందు ఎక్కడుందో చూసుకోండి. 2024 సెప్టెంబర్ వరదకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, ఎన్నో రైళ్లు రద్దయ్యాయి.