రీమ్యాప్ చేసిన టర్బో బండి: లాగ్‌లో ఏ గీత ముందు కదిలిందో చూడండి

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ని శక్తి పెరిగేలా మార్చడం) తర్వాత బండి లాగట్లేదనో, పికప్ మధ్యలో పోతోందనో అనిపిస్తే చాలామంది ముందుగా చేసే పని ట్యూనర్‌కి ఫోన్ చేసి ఆ ప్రోగ్రామ్ ఫైల్ మార్చమనడం. హోస్ క్లాంప్ వదులైన బండికి ఎన్ని ఫైళ్లు మార్చినా లాభం లేదు. పైగా లీక్‌ని కప్పిపుచ్చడానికి బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి పీడనం) పెంచిన ఫైల్ టర్బోని తినేస్తుంది. లాగ్ (బండి నడుస్తున్నప్పుడు సెన్సర్ రీడింగుల రికార్డు) తీసి, ఏ గీత ముందు దారి తప్పిందో పట్టుకుంటే అసలు కారణం అక్కడే దొరుకుతుంది. వెనకాల కదిలిన గీతలన్నీ దాని ఫలితాలే.

ఇక్కడి ఉదాహరణలు స్కోడా లారా, సూపర్బ్, ఆక్టేవియాల్లో వచ్చిన 1.8 టీఎస్ఐ ఇంజిన్‌వి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఏ పెట్రోల్ టర్బోకైనా పద్ధతి ఇదే.

ముందు లాగ్ సరిగా తీయాలి

బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టే చవక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్‌తో పది చానళ్లు (కొలతలు) పెడితే సెకనుకి ఒకటో రెండో రీడింగులు వస్తాయి. మూడో గేర్లో పుల్ (పెడల్ పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం పైదాకా లాగించడం) మొత్తం కొన్ని సెకన్లే కాబట్టి బూస్ట్ ఎగిరి పడినా అందులో కనబడదు. అదీకాక అడిగిన బూస్ట్ ఎంత, ఏ సిలిండర్లో టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ఎంత వెనక్కి లాగింది అన్నవి మామూలు ఓబీడీ చానళ్లలో ఉండవు. ఈ బండ్లకు వీసీడీఎస్ లాంటి కంపెనీ చానళ్లు చదివే టూల్ కావాలి. చానళ్లు ఎంత తక్కువైతే రీడింగులు అంత దగ్గరగా పడతాయి. అందుకే ఒక పుల్ బూస్ట్ కోసం, ఇంకోటి టైమింగ్ కోసం, మరోటి ఇంధనం కోసం విడిగా తీయండి. ఆర్‌పీఎం, పెడల్, థ్రాటిల్ కోణం మాత్రం మూడింట్లోనూ ఉండాలి.

కూలెంట్ 90 డిగ్రీల దగ్గర, ఇంజిన్ ఆయిల్ 80 దాటి ఉండాలి. ఏసీ ఆపండి. ట్యాంకు పావు కంటే తక్కువ ఉండకూడదు. మూడో గేర్లో 2000 ఆర్‌పీఎం నుంచి రెడ్‌లైన్ దగ్గరి దాకా పెడల్ పూర్తిగా తొక్కి పెట్టాలి. డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే పుల్ మధ్యలో గేర్ మారిపోతుంది. ఇది డైనో (రోలర్ల మీద బండి శక్తి కొలిచే యంత్రం) మీదో ట్రాక్ మీదో చేయాల్సిన పని. మూడో గేర్లో రెడ్‌లైన్ అంటే వంద ఎప్పుడో దాటిపోతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా చేయకూడదు. డైనో మీదైతే ఇంటర్‌కూలర్‌కి ఎదురుగా పెద్ద ఫ్యాన్ ఉండి తీరాలి.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి బూస్ట్ సెన్సర్ రీడింగ్ చూడండి. ఆ ఊరి గాలి పీడనమే అక్కడ కనబడాలి. విశాఖ బీచ్ దగ్గర 1010 మిల్లీబార్ల చుట్టూ, హైదరాబాద్‌లో ఎత్తు వల్ల 950 చుట్టూ ఉంటుంది. తేడా ఎక్కువగా ఉంటే సెన్సరే తప్పు, ఆ లాగ్‌ని నమ్మొద్దు. లాగ్‌లో కనిపించేది మొత్తం పీడనం కాబట్టి 2000 మిల్లీబార్ల కోసం హైదరాబాద్‌లో టర్బో విశాఖ కంటే ఎక్కువ కష్టపడాలి.

లక్షణం: బండి లాగట్లేదు, బూస్ట్ తక్కువ, కొన్నిసార్లు పి0299 ఎర్రర్ కోడ్

అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ డ్యూటీ పక్కపక్కన పెట్టండి. వేస్ట్‌గేట్ అంటే ఎగ్జాస్ట్‌ని టర్బో పక్క నుంచి వదిలేసి బూస్ట్‌ని అదుపు చేసే తలుపు, డ్యూటీ పెరిగే కొద్దీ అది మూసుకుని బూస్ట్ పెరుగుతుంది. ఆ తలుపుని నడిపే ఎన్75 వాల్వ్ ఉన్న పాత 1.8లో డ్యూటీ శాతంగా వస్తుంది. ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ ఉన్న కొత్తవాటిలో వేస్ట్‌గేట్ పొజిషన్ చూడాలి. లాగ్ ఇలా ఉందనుకోండి (బూస్ట్ మిల్లీబార్లలో, డ్యూటీ శాతంలో):

3000 ఆర్‌పీఎం: అడిగింది 2100, వచ్చింది 2090, డ్యూటీ 55
4000 ఆర్‌పీఎం: అడిగింది 2100, వచ్చింది 2040, డ్యూటీ 74
5000 ఆర్‌పీఎం: అడిగింది 2050, వచ్చింది 1850, డ్యూటీ 95
5800 ఆర్‌పీఎం: అడిగింది 1950, వచ్చింది 1700, డ్యూటీ 95

3000 దగ్గర బూస్ట్ టైముకే వచ్చింది, డ్యూటీ కూడా సగమే. పెద్ద లీక్ ఉంటే అక్కడే ఆలస్యం కనిపించేది. గాలి ప్రవాహం పెరిగే కొద్దీ లోటు పెరిగి డ్యూటీ పైకప్పుకి తగిలింది. అంటే ఎగ్జాస్ట్ తోపుడికి వేస్ట్‌గేట్ తెరుచుకుంటోంది, లేదా ఎయిర్ ఫిల్టరో క్యాటలిటిక్ కన్వర్టరో మూసుకుపోయింది, లేదా ఆ చిన్న టర్బో శక్తి అంతే. ఫిల్టర్ తీసి ఒక పుల్, తర్వాత వేస్ట్‌గేట్ రాడ్‌లో వదులు, ఆపైన ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్: ఈ వరుసలో చూడండి. అన్నీ బాగుంటే పై ఆర్‌పీఎంలో బూస్ట్ టార్గెట్ తగ్గించమని ట్యూనర్‌ని అడగడమే సరైన పని.

అలా కాక 2500 దగ్గరే డ్యూటీ 90 దాటి, బూస్ట్ ఆలస్యంగా ఎక్కుతుంటే లీక్ వెతకాలి. ముందు డైవర్టర్ వాల్వ్ (పెడల్ వదిలినప్పుడు బూస్ట్‌ని వెనక్కి మళ్లించేది) విప్పండి. డయాఫ్రమ్ ఉన్న పాత రకంలో రబ్బరు చిరగడం మామూలే. చిరిగి ఉంటే పిస్టన్ రకం వేయండి. అది బాగుంటే ప్రెషర్ టెస్ట్ చేయాలి. టర్బో అవుట్‌లెట్ వైపు హోస్‌కి పీవీసీ ఎండ్ క్యాప్, దానికి టైరు వాల్వ్ బిగించి, రెగ్యులేటర్ పెట్టి 0.7 నుంచి 1 బార్ వరకు మాత్రమే గాలి ఎక్కించండి. కంప్రెసర్ పూర్తి ప్రెషర్ నేరుగా ఇస్తే హోసులు ఊడి మొహానికి తగులుతాయి. టర్బో ఇన్‌లెట్ వైపు నుంచి ఎక్కించాల్సి వస్తే క్రాంక్‌కేస్ బ్రీదర్ హోస్ విడదీసి మూయాలి, లేకపోతే ఆయిల్ సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టండి. ఇంటర్‌కూలర్ రెండు చివర్లు, థ్రాటిల్ ముందున్న హోస్ ముఖ్యం. ఆయిల్ ఫిల్లర్ లోంచి సన్నగా బుస వినిపిస్తే కంగారు పడకండి, రింగుల పక్క నుంచి కొంత గాలి పోవడం సహజం.

లోపలికొచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న బండి అయితే లీక్ ఇంధనం లాగ్‌లోనూ పట్టుబడుతుంది. కొలిచిన గాలి బయటికి పోతోంది కాబట్టి బూస్ట్ మీద మిశ్రమం రిచ్ (ఇంధనం ఎక్కువ) అవుతుంది. ఎంఏఎఫ్ లేకుండా పీడనంతోనే లెక్క కట్టే ఇంజిన్లలో ఈ ఆధారం దొరకదు.

అడిగిన బూస్టే తక్కువగా ఉంటే టర్బో జోలికి పోకండి. ఈసీయూనే (ఇంజిన్ కంప్యూటరే) వేడి, నాక్ (సిలిండర్లో మిశ్రమం తనంతట తానే పేలడం), టార్క్ పరిమితి లాంటి ఏదో కారణంతో తగ్గించింది. ఆ కారణం టైమింగ్ లాగ్‌లో వెతకాలి.

లక్షణం: ఎండలో నీరసం, నాక్

టైమింగ్ కరెక్షన్ (నాక్ వల్ల స్పార్క్‌ని ఎన్ని డిగ్రీలు జరిపిందో) నాలుగు సిలిండర్లకీ విడివిడిగా తీయండి. గుర్తు కొన్ని టూల్స్‌లో మైనస్‌గా, కొన్నింటిలో ప్లస్‌గా వస్తుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగిందన్నదే. 3 డిగ్రీల లోపు అప్పుడప్పుడు వస్తే భయం లేదు. 3 నుంచి 6 మధ్య ప్రతి పుల్‌లోనూ వస్తే కారణం వెతకాలి. 6 దాటితే వెంటనే పెడల్ వదిలేయండి, సరిచేసేదాకా మళ్లీ పుల్ చేయొద్దు.

నాలుగు సిలిండర్లూ కలిసి వెనక్కి పోతే ఇంధనమో వేడో. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత గీత చూడండి. మొదటి పుల్ శుభ్రంగా ఉండి, మూడో పుల్‌కి ఉష్ణోగ్రత 60 దాటి కరెక్షన్ పెరిగితే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోతోంది. మే నెల మధ్యాహ్నం తీసిన లాగ్‌ని జనవరి లాగ్‌తో పోల్చి ట్యూనర్‌ని తిట్టడం న్యాయం కాదు. మొదటి పుల్ నుంచే నాక్ ఉంటే ఫైల్ ఏ ఆక్టేన్ కోసం రాశారో అడగండి. ఎక్కువ ఆక్టేన్ ఫైల్ వేయించుకుని మామూలు పెట్రోల్ కొట్టిస్తే ఫలితం ఇదే. ట్యాంకు రిజర్వ్ దాకా ఖాళీ చేసి, ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ నింపి, ఓ వంద కిలోమీటర్లు తిప్పి మళ్లీ లాగ్ తీయండి. కరెక్షన్ తగ్గితే సమాధానం దొరికినట్టే: ఎప్పుడూ ఆ పెట్రోలే వాడాలి, లేదా తక్కువ ఆక్టేన్ ఫైల్ వేయించుకోవాలి.

ఒకే సిలిండర్ వెనక్కి పోతుంటే అది ఫైల్ సమస్య కాదు. ఆ సిలిండర్ ప్లగ్గుని పక్కదానితో మార్చండి. తప్పు ప్లగ్గుతో పాటు పక్క సిలిండర్‌కి వెళ్తే ప్లగ్గులు నాలుగూ మార్చేయండి. వెళ్లకపోతే ఇంజెక్టర్, వాల్వుల మీద కార్బన్ చూడాలి.

ఐదో ఆరో గేర్లో 2000 లోపు పెడల్ పూర్తిగా తొక్కే అలవాటు మాత్రం మానుకోండి. అక్కడ స్పార్క్‌కి ముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది, టైమింగ్ తగ్గించడం దాన్ని ఆపలేదు. పిస్టన్ పగిలేది అక్కడే. మీ ఇంజిన్‌కి కంపెనీ చెప్పిన ఆయిల్ ప్రమాణంతో పాటు ఏపీఐ ఎస్పీ గ్రేడ్ కూడా ఉన్న ఆయిల్ దొరికితే అదే పోయండి, ఈ ముందస్తు మంటను తగ్గించే పరీక్ష అందులో భాగం.

లక్షణం: లాంబ్డా లీన్ చూపిస్తోంది

గాలి-ఇంధనం నిష్పత్తి అంకెలు వదిలేసి లాంబ్డానే చదవండి: 1 అంటే సరైన పాళ్లు, 1 దాటితే లీన్ (ఇంధనం తక్కువ). 14.7 అనేది ఇథనాల్ లేని పెట్రోల్ లెక్క. 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20కి సరైన నిష్పత్తి 13.5 దగ్గర ఉంటుంది. పాత పెట్రోల్ మీద ట్యూన్ చేసిన బండిలో ఈ20 పోస్తే లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని సర్దుకునే శాతం) కొన్ని శాతాలు ప్లస్‌కి పోవడం అందుకే, అది లోపం కాదు. ఫుల్ పెడల్ మీద వచ్చిన లాంబ్డా అడిగినదాని కంటే 0.05 పైకి పోతే లోపం.

అప్పుడు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే ఇంధనం పీడనం) గీత తెరవండి. పాత 1.8 దాదాపు 150 బార్ దాకా, ఆక్టేవియా 1.8 దాదాపు 200 బార్ దాకా అడుగుతుంది. రైల్ ప్రెషర్ ముందు పడి, తర్వాత లాంబ్డా పైకి పోతే ఇంధనం అందడం లేదు. ట్యాంకులోని పంపు ప్రెషర్ కూడా అదే సమయంలో పడితే ఫిల్టర్, ట్యాంకు పంపు, దాని వైరింగ్ చూడండి. అది నిలబడి రైల్ మాత్రమే పడితే హై ప్రెషర్ పంపు.

రైల్ ప్రెషర్ నిలకడగా ఉండి లాంబ్డా ఒక్కసారిగా ఎగిరి దిగితే మిస్‌ఫైర్ కౌంటర్ చూడండి. మంట అంటుకోని సిలిండర్లోని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది, సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది. ఇక్కడ ఇంధనం పెంచితే సమస్య ముదురుతుంది. ప్లగ్ గ్యాప్ కొలవండి. 0.8 మిల్లీమీటర్లు ఉంటే 0.65–0.7కి తగ్గించండి. ఇరిడియం కొనని గేజ్‌తో తోయకుండా, పక్క ఎలక్ట్రోడ్‌ని మాత్రమే వంచాలి. అప్పటికీ తగ్గకపోతే కాయిల్స్ మార్చాలి.

లక్షణం: పెడల్ 100 శాతం, థ్రాటిల్ 60 శాతమే

వచ్చిన బూస్ట్ అడిగినదాన్ని దాటిందేమో చూడండి. 100 మిల్లీబార్లు క్షణకాలం దాటడం మామూలు. 200 దాటి నిలబడితే వేస్ట్‌గేట్ జిగురుగా కదులుతోంది, లేదా డ్యూటీ పట్టిక ఎక్కువైంది. పి0234 కోడ్ వచ్చేది దీనికే. బూస్ట్ సరిగ్గా ఉండి థ్రాటిల్ మూసుకుంటే టార్క్ పరిమితి. ఆక్టేవియా 1.8 లోని డీక్యూ200 డీఎస్‌జీ గేర్‌బాక్స్ 250 న్యూటన్ మీటర్ల కోసం చేసింది, కంపెనీ ఇంజిన్ టార్క్ కూడా సరిగ్గా అంతే. ఆ పరిమితిని ఫైల్‌లో ఎత్తించే ముందు ఆ గేర్‌బాక్స్‌లోని డ్రై క్లచ్‌ల ధర కనుక్కోండి.

లక్షణం: ఆర్‌పీఎం లేస్తోంది, బండి వేగం లేవట్లేదు

ఆర్‌పీఎంని వేగంతో భాగించి కొత్త కాలమ్ చేయండి. ఒకే గేర్లో అది మారకూడదు. టార్క్ గరిష్ఠంగా ఉండే 2500–3500 మధ్య ఉబ్బి మళ్లీ దిగితే క్లచ్ జారుతోంది. అదే సమయంలో ట్రాక్షన్ కంట్రోల్ లైటు వెలిగితే జారింది టైర్లు.

ట్యూనర్‌కి పంపాల్సి వస్తే స్క్రీన్‌షాట్లు వద్దు, మార్చని సీఎస్‌వీ ఫైళ్లు పంపండి. బయటి ఉష్ణోగ్రత, ఊరు, గేర్, పోసిన పెట్రోల్, అప్పటికే మార్చిన పార్టులు రాసి జతచేయండి.