కోరాపుట్‌లో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి: ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలకు సైన్సు పాఠం

ఒడిశాలోని కోరాపుట్, జయపురం వైపు మన తెలుగు ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో దేశియా అనే స్థానిక భాష మాట్లాడతారు. తొమ్మిదో తరగతిలో ఇంగ్లిషు మాధ్యమంలోకి రాగానే సైన్సు క్లాసులో నోరు పెగలదు. ముందు వాళ్లకు వాదించుకోవడానికి ఒక సంగతి ఇవ్వండి. చెప్పాల్సింది ఉన్నప్పుడే భాష వస్తుంది.

నేను మరుగు స్థానంతో మొదలుపెడతాను. పుస్తకంలో 100 డిగ్రీల సెల్సియస్ అని ఉంటుంది. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. ఆ సంగతి ముందుగా చెప్పకండి. బీకరు, స్పిరిట్ దీపం, 110 వరకు గీతలున్న థర్మామీటర్ చాలు. థర్మామీటర్ బల్బు బీకరు అడుగుకు తగలకుండా స్టాండుకు బిగించండి. నిమిషానికోసారి ఒకరు అంకె చదవాలి, ఇంకొకరు బోర్డు మీద పట్టికలో రాయాలి.

నీళ్లు కళపెళా కాగుతుంటాయి, అంకె మాత్రం 97 దగ్గరే ఆగిపోతుంది. "మాస్టారూ, థర్మామీటర్ పాడైపోయింది" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. పాడైందో లేదో ఎలా తేల్చాలో వాళ్లనే అడగండి. కరుగుతున్న మంచుముక్కల్లో పెడితే సున్నా చూపిస్తుంది, పరికరం మీద అనుమానం తీరుతుంది. తర్వాత "నీళ్లలో ఉప్పు ఉందేమో" అంటారు. బాగా ఉప్పు వేసి మరిగించి చూపించండి. అంకె తగ్గదు, పెరుగుతుంది.

ఈ వాదనంతా తెలుగులో జరగనివ్వండి, ఒడియాలోనైనా సరే. ఇంగ్లిషులోనే మాట్లాడాలని ఇక్కడ పట్టుబడితే ఆలోచన అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

కారణానికి బొమ్మ వేయండి. విశాఖ తీరం, కోరాపుట్, 1,672 మీటర్ల దేవమాలి శిఖరం ఒకే వాలు మీద రావాలి. పైకి వెళ్లేకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది. నీటి ఆవిరి పీడనం దానితో సమానమైనప్పుడు నీళ్లు మరుగుతాయి కాబట్టి పైన తక్కువ ఉష్ణోగ్రత సరిపోతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని చెప్పి, దేవమాలి మీద ఎంత ఉంటుందో లెక్క కట్టమనండి. 94, 95 మధ్య తేలుతుంది.

ఇంగ్లిషు ఇప్పుడు మొదలవ్వాలి. బోర్డు మీద అయిదు మాటలే రాయండి: బాయిల్, ప్రెషర్, ఆల్టిట్యూడ్, డిక్రీజ్, బికాజ్. మొదటి నాలుగింటినీ పిల్లలు ఎలాగూ బట్టీ పడతారు. కారణాన్ని ఫలితంతో కలిపే చివరి మాటకే సాధన కావాలి. ఇద్దరిద్దరు కూర్చుని, బొమ్మ మీద వేలు పెట్టి ఒకరికొకరు చెప్పుకోవాలి. నోటితో వచ్చాకే మూడు వాక్యాలు రాయించండి.

దిద్దేటప్పుడు తొలిసారి సైన్సు మాత్రమే చూడండి. మా తరగతిలో ఒక అమ్మాయి క్రియ చివర 'ఎస్' వదిలేసింది, కారణం దగ్గర గాలి తక్కువని మాత్రం రాసింది. 'ఎస్' జోలికి వెళ్లకుండా, "గాలి తక్కువైతే ఏమవుతుందమ్మా?" అని అడిగాను. కాసేపు బొమ్మ వైపు చూసి, ప్రెషర్ అన్న మాట తనే చేర్చింది. వ్యాకరణం మర్నాడు, అందరూ చదివి వినిపించేటప్పుడు సరిచేశాం.

పరీక్షల ముందు ఇదే పట్టికను మళ్లీ తీయండి. డిస్క్రైబ్ అంటే చూసింది రాయాలి, ఎక్స్‌ప్లెయిన్ అంటే కారణం రాయాలి, కంపేర్ అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. మూడో దానికి ప్రెషర్ కుక్కర్ ఇవ్వండి. అందులో నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తాయి.