పాత కొట్టుని ఇంతకుముందు ఏయే వ్యాపారాలకి వాడారో కనిపెట్టడం ఎలా

ముందు రోడ్డుకి అవతలి వైపు నిలబడి పై అంతస్తు చూడండి. కింది ముఖభాగాన్ని అద్దెకొచ్చిన ప్రతివాళ్లూ తమకి కావాల్సినట్టు మార్చుకుంటారు గానీ పైన కిటికీలనీ చూరునీ పట్టించుకునేవాళ్లు తక్కువ, అందుకే అవి చాలాసార్లు కట్టిననాటి రూపంలోనే మిగిలిపోతాయి. పై గోడలోంచి ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి దాని కింద తలుపు ఉంటే, అక్కడ తాడుతో సరుకు పైకి లాగేవారన్నమాట. గోడమీద వెలిసిన అక్షరాలుంటే వాన వెలిశాక మళ్లీ వెళ్లండి, తడి గోడమీద అవి కొంచెం తేరుకుని కనిపిస్తాయి. ఒకదానిమీద ఒకటి రెండు మూడు పేర్లు రాసి ఉండొచ్చు, ఓపిగ్గా చదవండి.

ఇక లోపల, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నేల. గచ్చు తూమువైపు వాలి, గోడలకి టైల్స్, దూలానికి ఇనుప కొక్కేలు ఉంటే అది రోజూ కడగాల్సిన వ్యాపారం, బహుశా మాంసం కొట్టు. ఒక పొడవాటి గీత వెంట మాత్రమే నేల అరిగి ఉంటే అక్కడ కౌంటర్ ఉండేదని అనుకోవచ్చు, ఆ అరుగుదల ఏళ్ల తరబడి దాని ముందు నిలబడినవాళ్ల కాళ్లది.

అద్దాన్ని మాత్రం నమ్మేయకండి. కరిగిన తగరం మీద గాజుని తేలించి చదునైన అద్దం చేసే ఫ్లోట్ గ్లాస్ పద్ధతిని ప్రకటించింది 1959లో, కాబట్టి అలా చేసిన అద్దం ఉంటే దాన్ని ఆ తర్వాతే బిగించారు, అంతే, కట్టడం అంతకన్నా ఎంతో పాతది కావచ్చు.

తర్వాత కాగితాలు: పాత వ్యాపార డైరెక్టరీలు, పన్ను రిజిస్టర్లు, అగ్ని బీమా పటాలు (కట్టడాలకి నిప్పంటుకునే ప్రమాదాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీల కోసం గీసినవి). అలాంటివే, అమెరికాలో 1867లో మొదలైన శాన్‌బోర్న్ పటాల్లో ఏ కట్టడం దేనితో కట్టారో, దేనికి వాడుతున్నారో కూడా గుర్తులుంటాయి. డోర్ నంబర్లు మధ్యలో మారిపోయి ఉంటాయి, నంబరు పట్టుకుని వెళితే పక్క కొట్టు చరిత్ర మీ చేతికొస్తుంది. మూలమీది కట్టడం నుంచి లెక్కపెట్టుకుంటూ రండి.

ఇదంతా కొత్త వాడకం కోసమే చూస్తుంటే, పాత మెట్లు ఎక్కడున్నాయో తప్పకుండా వెతకండి. ముందుభాగం వెడల్పు చేయడానికి వీధిలోంచి పైకెళ్లే దారి తీసేసిన కొట్లు చాలా ఉన్నాయి, దాంతో పై అంతస్తులో ఎవరూ ఉండలేక అది ఖాళీగా పడి ఉంటుంది. కింది కొట్టు పైకప్పులో దూలాలు ఒకచోట తెగి మధ్యలో వేరే చెక్కతో పూడ్చి ఉంటే, చాలావరకు మెట్లు అక్కడే ఉండేవి.