ఫ్యూయల్ సెల్‌లో కార్బన్ సపోర్ట్ క్షయిస్తోందా? లక్షణం పట్టి కారణం, కారణం పట్టి పరిష్కారం

హైడ్రోజన్, గాలి నుంచి కరెంటు పుట్టించే పీఈఎం (ప్రోటాన్ పొర) ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం నానో కణాలు కార్బన్ పొడిని పట్టుకుని ఉంటాయి. ఆ పొడే సపోర్ట్. పొటెన్షియల్ 0.207 వోల్టులు దాటితే ఆ కార్బన్ నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌గా పోవచ్చు. మామూలు వోల్టేజీల దగ్గర ఆ చర్య నత్తనడక కాబట్టే సెల్ వేల గంటలు బతుకుతుంది. గాలి అందే ఎలక్ట్రోడ్, అంటే క్యాథోడ్, 1.2 వోల్టులు దాటితే మాత్రం కార్బన్ చూస్తుండగానే కరిగిపోతుంది. అందుకే మెటీరియల్ మార్చే ముందు, అది ఏ సమయంలో పోతోందో పట్టుకోండి.

పోయింది కార్బనా, ప్లాటినమా?

కరెంటు పెంచుతూ వోల్టేజి కొలిచి పోలరైజేషన్ కర్వ్ తీయండి. చదరపు సెంటీమీటరుకు 0.1 ఆంపియర్ దగ్గర పెద్దగా తేడా లేకుండా, 1.5 ఆంపియర్ల దగ్గర వోల్టేజి కూలిపోతే రంధ్రాలు మూసుకుపోయాయన్నమాట. ముందు కార్బన్‌నే అనుమానించాలి. తక్కువ కరెంటు దగ్గర కూడా పడిపోయి, ప్లాటినం క్రియాశీల వైశాల్యం తగ్గితే, ప్లాటినం కరగడమో కణాలు పెరగడమో కారణం కావచ్చు.

తర్వాత క్యాథోడ్‌కు నైట్రోజన్, ఆనోడ్‌కు (హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్‌కు) హైడ్రోజన్ ఇచ్చి సైక్లిక్ వోల్టామెట్రీ చేయండి, అంటే వోల్టేజిని పైకీ కిందికీ తిప్పుతూ కరెంటు కొలవండి. 0.6 వోల్టుల చుట్టూ చిన్న గుబ్బలు లేస్తే కార్బన్ ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలు పుడుతున్నాయని అర్థం. ఇది తొలి దశ. ముదిరిందో లేదో తేల్చేది అడ్డకోత: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో క్యాథోడ్ పొర మందాన్ని కొత్తదానితో పోల్చండి. పలచబడితే ఇక సందేహం లేదు. బయటికొచ్చే వాయువులో కార్బన్ డయాక్సైడ్ కొలిచేటప్పుడు క్యాథోడ్‌కు నైట్రోజనే ఇవ్వాలి. గాలిలో అది ముందే 400 పీపీఎం దాటి ఉంటుంది, మీ కొలత అందులో మునిగిపోతుంది.

లక్షణం: ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ కాస్త కాస్త తగ్గుతోంది

స్టాక్‌లను (వరసగా పేర్చిన సెల్‌ల కట్టలను) చంపే ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆగి ఉన్నప్పుడు ఆనోడ్‌లోకి గాలి చేరుతుంది. స్టార్ట్ చేయగానే ఆనోడ్ ఇన్‌లెట్ వైపు హైడ్రోజన్, అవుట్‌లెట్ వైపు ఇంకా గాలి ఉంటాయి. హైడ్రోజన్ ఉన్న సగం మామూలు సెల్‌లా పనిచేస్తూ మిగతా సగంలోకి ఎదురు కరెంటు తోస్తుంది. గాలి ఉన్న భాగానికి ఎదురుగా క్యాథోడ్ పొటెన్షియల్ 1.4–1.5 వోల్టులకు ఎగబాకుతుంది. బయట మీటర్‌లో ఇదేమీ కనబడదు. ఇన్‌లెట్, మధ్య, అవుట్‌లెట్ నుంచి మూడు ముక్కలు కోసి చూడండి. స్టార్ట్ చేసేటప్పుడే దెబ్బ తగులుతుంటే ఆనోడ్ అవుట్‌లెట్‌కు ఎదురుగా ఉన్న క్యాథోడ్ బాగా పలచబడి ఉంటుంది.

పరిష్కారం మెటీరియల్‌లో కన్నా ఆపే పద్ధతిలోనే ఎక్కువ ఉంది. ముందు గాలి ఆపండి, హైడ్రోజన్ పీడనం అలాగే ఉంచండి. స్టాక్‌కు రెసిస్టర్ లోడ్ కలిపి, క్యాథోడ్‌లో మిగిలిన ఆక్సిజన్ ఖర్చయి వోల్టేజి సున్నాకు దగ్గరయ్యే వరకు ఆగండి. ఏ సెల్ కూడా సున్నా కిందికి జారకుండా ఒక్కోదాన్నీ గమనించాలి. ఆ తర్వాత రెండు వైపులా వాల్వులు మూసేయండి. స్టార్ట్ చేసేటప్పుడు లోడ్ కలిపే ఉంచి, హైడ్రోజన్‌ను వీలైనంత వేగంగా తోయండి. హైడ్రోజన్-గాలి సరిహద్దు ఆనోడ్‌ను ఎంత త్వరగా దాటితే నష్టం అంత తక్కువ. స్టాక్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడం మేలు. ఆనోడ్ ప్లాటినం చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీగ్రాములకు తగ్గిస్తే అక్కడ ఆక్సిజన్ చర్య నెమ్మదించి ఎదురు కరెంటూ తగ్గుతుంది.

లక్షణం: లోడ్ పెంచగానే ఒక సెల్ నెగటివ్‌లోకి వెళ్తోంది

హైడ్రోజన్ అందడం లేదు: ఛానెల్‌లో నీరు నిలిచిందో, ఫ్లో ఆలస్యమైందో. అప్పుడు ఆనోడే నీటిని విడగొడుతుంది, అదీ చాలకపోతే తన కార్బన్‌ను తింటుంది. ఇక్కడ క్యాథోడ్ సపోర్ట్ మార్చడం డబ్బు దండగ. ఫ్లో పెరిగాకే లోడ్ పెంచండి, నీటిని ఊది బయటికి పంపే పర్జ్‌ల మధ్య విరామం తగ్గించండి, సెల్ వోల్టేజి మానిటర్‌కు కటాఫ్ పెట్టండి. ఆనోడ్‌లో ఇరిడియం ఆక్సైడ్ కలిపితే కాస్త సమయం దొరుకుతుంది, అంతే.

లక్షణం: గ్రాఫిటైజ్డ్ కార్బన్‌కు మారితే మొదటి రోజే పవర్ తక్కువ

మామూలు కార్బన్ పొడి రకమైన కెట్జెన్‌బ్లాక్ ఈసీ-300జే ఉపరితలం గ్రాముకు సుమారు 800 చదరపు మీటర్లు. 2,000 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చిన గ్రాఫిటైజ్డ్ రకాలకు అందులో చిన్న వంతే మిగులుతుంది, ప్లాటినం పట్టుకునే లోపాలూ తగ్గుతాయి. దాని మీద కూడా బరువులో 50 శాతం ప్లాటినం ఎక్కిస్తే కణాలు గుంపులు కడతాయి. 20–30 శాతానికి దిగండి. ఐయోనోమర్ (ప్రోటాన్లను మోసే పాలిమర్)-కార్బన్ నిష్పత్తిని పాతదే ఉంచకండి, 0.8 నుంచి 0.1 చొప్పున తగ్గిస్తూ ప్రతి మెట్టు దగ్గరా కర్వ్ తీయండి. పట్టు కోసం నైట్రిక్ ఆమ్లంలో గంటల తరబడి మరిగించడం మాత్రం వద్దు. అది చేసే గాయాల దగ్గరే క్షయం మళ్లీ మొదలవుతుంది.

లక్షణం: కార్బన్ బదులు ఆక్సైడ్ సపోర్ట్ వాడితే రెసిస్టెన్స్ ఎక్కువ

నయోబియం కలిపిన టైటానియం ఆక్సైడ్ 1.5 వోల్టులనూ తట్టుకుంటుంది, కానీ కరెంటు బాగా మోయదు. పైగా 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో క్షయకరణం (రిడక్షన్) చేస్తే ఆక్సైడ్ పాకి ప్లాటినాన్ని కప్పేస్తుంది, ఉష్ణోగ్రత తగ్గించండి. యాంటిమనీ కలిపిన టిన్ ఆక్సైడ్ అయితే ఆమ్లంలోకి యాంటిమనీ కరుగుతోందేమో చూసుకోవాలి.

మార్పు పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి

అమెరికా ఇంధన శాఖ పద్ధతిలో సపోర్ట్ పరీక్ష: 80 డిగ్రీలు, హైడ్రోజన్-నైట్రోజన్, 1.0–1.5 వోల్టుల మధ్య త్రిభుజాకారంగా, సెకనుకు 500 మిల్లీవోల్టుల వేగంతో 5,000 సైకిళ్లు. మూడు గంటల లోపే అయిపోతుంది. 1.5 ఆంపియర్ల దగ్గర నష్టం 30 మిల్లీవోల్టులు మించకూడదు. ప్లాటినం మన్నికకు 0.6–0.95 వోల్టుల పరీక్ష వేరే ఉంది. దాన్ని ఇదే నమూనా మీద చేయకండి, రెండు నష్టాలు కలిసిపోతాయి. తేమ కూడా పాత, కొత్త సపోర్ట్ నమూనాలు రెండింటికీ ఒకేలా ఉండాలి. కార్బన్‌ను తినే చర్యకు నీరే ముడిసరుకు కాబట్టి, పొడిగా నడిపిన పాత సపోర్ట్ సైతం కొత్తదానికన్నా గట్టిదిగా కనబడవచ్చు.