హ్యూస్టన్‌లో దోమలు మొదలయ్యాయి, కుక్క నెలమాత్ర తప్పనివ్వకండి

మార్చి వచ్చేసరికి మా ప్యాటియోలో కరివేపాకు కుండీ చిగురు వేస్తుంది, దాని కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమలూ పుడతాయి. ఆ నీళ్లు రెండు రోజులకోసారి పారబోయండి. హార్ట్‌వార్మ్, అంటే గుండెలో చేరే పురుగు, కుక్కకు సోకేది దోమకాటుతోనే. ఇంట్లోనే ఉండే కుక్కకేం కాదనుకోకండి, దోమలు ఇంట్లోకీ వస్తాయి.

కాటుతో లోపలికి దిగిన పిల్లపురుగులు ఆరేడు నెలల్లో పెద్దవై ఊపిరితిత్తుల రక్తనాళాల్లో, గుండెలో చేరతాయి. ఆడపురుగు 25 సెంటీమీటర్లు దాటుతుంది, చూడడానికి ఉడికిన సేమియాలా ఉంటుంది. కుక్క దగ్గుతూ, నాలుగడుగులకే ఆయాసపడేనాటికి జబ్బు బాగా ముదిరినట్టే.

ఈ జబ్బు రాకుండా నెలకోసారి వేయమని డాక్టర్ రాసిచ్చే మాత్ర దోమకాటును ఆపదు. గడిచిన నెలలో ఒంట్లో చేరిన పిల్లపురుగులను చంపుతుంది, అంతే. రెండు నెలలు ఎదిగినవి దానికి లొంగవు. అందుకే తేదీ ముఖ్యం. మేం ఇంటి అద్దె కట్టే ఒకటో తారీఖునే ఇస్తాం. మా రాకీ ఒకసారి మాత్ర బుగ్గన దాచుకుని సోఫా వెనక ఉమ్మేశాడు. వారం తర్వాత ఊడుస్తుంటే దొరికింది, ఎంత టెన్షన్ పడ్డానో! ఇప్పుడు వాడు నమిలి మింగి మూతి నాక్కునేదాకా పక్కనే కూర్చుంటాను.

మనవాళ్లు ఎక్కువగా మాత్ర తప్పించేది ఇండియా వెళ్లినప్పుడు. కుక్కను ఎవరింట్లో వదిలినా మాత్రలూ తేదీలూ రాసి చేతికివ్వండి. రెండు నెలలు తప్పితే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. రక్తపరీక్ష అప్పుడొకటి, ఆరు నెలలకు ఇంకొకటి చేయిస్తారు. ఎందుకంటే ఆ పరీక్షకు దొరికేది ఎదిగిన పురుగులే. ఏటా చేసే పరీక్ష మాత్రం మాత్రలు సరిగ్గా వేస్తున్నా మానొద్దు.

పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇండియా నుంచి తెప్పించి అంచనాగా వేయకండి. కుక్కకు కావలసింది ఒంటి బరువులో కిలోకు 6 మైక్రోగ్రాములే. మోతాదు మించితే నరాల మీద దెబ్బ పడుతుంది, కోలీ జాతి కుక్కలకైతే ప్రాణం మీదికే వస్తుంది. మన ఒంటికి రాసుకునే దోమల క్రీములూ కుక్కకు పూయొద్దు.

జబ్బు వచ్చాక వైద్యం ఉంది, కానీ కష్టం. నడుము కండలో లోతుగా మూడు ఇంజెక్షన్లు, నెలల తరబడి విశ్రాంతి. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి కాబట్టి కుక్కను పరుగెత్తనివ్వకూడదు. తలుపు చప్పుడైతే చాలు ఎగిరి వచ్చే కుక్కను అన్నాళ్లు గొలుసు వేసి కూర్చోబెట్టాలి.