ఓ2 పెట్టగానే కంట్రోల్ కోడ్ మొరాయిస్తోందా? సరిచేయడం ఎలా

మోటార్ కంట్రోల్ బోర్డు మీద ఓ0తో, అంటే కంపైలర్ ఆప్టిమైజేషన్ (కోడ్‌ను వేగంగా నడిచేలా మార్చడం) లేకుండా, కంపైల్ చేసిన కోడ్ చక్కగా నడుస్తుంది. ఆ ఆప్టిమైజేషన్ ఉండే ఓ2 పెట్టగానే స్టాప్ బటన్ నొక్కినా మోటార్ ఆగదు. ఆప్టిమైజేషన్ తీసేసి రిలీజ్ ఇచ్చేస్తే పని జరిగినట్టు కాదు. తప్పు చాలావరకు మన కోడ్‌లోనే ఉంటుంది, ఓ0 దాన్ని బయటపడనివ్వలేదంతే. ఇక్కడి ఉదాహరణలు సీ భాషలో, ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న చిప్‌ల కోసం చేసిన రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే 32 బిట్ల కార్టెక్స్-ఎం4 చిప్ మీదివి.

1. ఇంటరప్ట్‌లు (హార్డ్‌వేర్ పిలవగానే నడుస్తున్న పనిని ఆపి నడిచే కోడ్), టాస్క్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్ వంతులవారీగా నడిపే పనులు) పంచుకునే ప్రతి వేరియబుల్‌నూ పట్టికగా రాయండి: ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు. ఇద్దరు రాసేవి కనిపిస్తే, ఒక్కరే రాసేలా మార్చగలరేమో ముందు చూడండి. సగం తలనొప్పి అక్కడే తీరుతుంది.

2. స్టాప్ ఫ్లాగ్ (ఆగాలో వద్దో చెప్పే వేరియబుల్) కోసం తిరిగే వైల్ లూప్‌ను ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో అసెంబ్లీలో చూడండి. లూప్ లోపల ఆ ఫ్లాగ్‌ను ఎవరూ మార్చడం లేదు కాబట్టి కంపైలర్ దాన్ని ఒక్కసారే చదివి, తన మీదికే దూకే బ్రాంచ్‌గా మార్చేసి ఉంటుంది. హార్డ్‌వేర్ రిజిస్టర్లకు వొలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కు చెప్పే మాట) వాడండి. ఫ్లాగ్‌లకు మాత్రం సీ11లో (సీ భాష 2011 ప్రమాణం) వచ్చిన అటామిక్ రకాలే, అంటే మధ్యలో ఎవరూ దూరలేని విధంగా చదివే, రాసే రకాలే సరైనవి. వొలటైల్ ఫ్లాగ్‌కు ముందు రాసిన మామూలు డేటాను కంపైలర్ దాని తర్వాతికి జరపవచ్చు. అప్పుడు "రెడీ" అని కనిపిస్తుంది, లోపల పాత విలువే ఉంటుంది. (అన్నట్టు, ఎమర్జెన్సీ స్టాప్‌ను ఏ ఫ్లాగ్ మీదా వదలకండి. దానికి సేఫ్టీ రిలే ద్వారా వైరింగ్ ఉండాల్సిందే.)

3. ఎన్‌కోడర్ (మోటార్ తిరిగేకొద్దీ పల్సులు పంపే సెన్సర్) కౌంట్‌కు ఒకటి కలపడం ఒక్క పని కాదు, మూడు: చదవడం, కలపడం, రాయడం. టాస్క్ 500 చదివింది. ఈలోగా ఇంటరప్ట్ వచ్చి 501 రాసింది. టాస్క్ తన లెక్కతో మళ్లీ 501 రాసింది. ఒక పల్స్ పోయింది. ఆ మూడింటినీ విడదీయకుండా చేసే అటామిక్ ఫెచ్ యాడ్ వాడితే ఎం4 మీద ఈ సమస్య ఉండదు. కార్టెక్స్-ఎం0లో అందుకు కావలసిన ఇన్‌స్ట్రక్షన్లు లేవు. అక్కడ ఇంటరప్ట్‌లను కాసేపు ఆపాలి. ఆపే ముందు పాత స్థితిని దాచి, తర్వాత అదే స్థితికి తేవాలి. గుడ్డిగా ఆన్ చేస్తే, బయటి ఫంక్షన్ ఆపి ఉంచినవి కూడా తెరుచుకుంటాయి.

4. 64 బిట్ల మిల్లీసెకన్ల గడియారాన్ని 32 బిట్ల చిప్ రెండు ముక్కలుగా చదవవచ్చు. కింది సగం 4294967295 అని చదివాక టిక్ ఇంటరప్ట్ వస్తే, పై సగం అప్పటికే ఒకటి పెరిగి ఉంటుంది. గడియారం 49.7 రోజులు ముందుకు దూకినట్టు కనిపించి టైమ్‌అవుట్‌లన్నీ ఒక్కసారిగా మోగుతాయి. కింది సగం నిండేది 49.7 రోజులకొకసారే కాబట్టి బెంచ్ మీద ఇది దొరకదు. చదివేంతసేపు క్రిటికల్ సెక్షన్ (ఇంటరప్ట్‌లు దూరకుండా ఆపి ఉంచే భాగం) పెట్టండి. ప్రెషర్, దాని టైమ్‌స్టాంప్ లాంటి జంటలకూ అంతే: రెండూ విడివిడిగా అటామిక్ అయినంత మాత్రాన జంట కుదరదు.

5. టాస్క్‌ల మధ్య తాళానికి మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క టాస్క్‌కే దక్కే తాళం) వాడండి, బైనరీ సెమఫోర్ (ఉంది, లేదు అని మాత్రమే చెప్పే సంకేతం) వద్దు. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్న చిన్న టాస్క్‌కు, దాని కోసం ఎదురుచూసే పెద్ద టాస్క్ ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం) మ్యూటెక్స్‌కే ఉంది. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ కంప్యూటర్ పదేపదే రీసెట్ అవడానికి కారణం ఆ ఏర్పాటు ఆన్‌లో లేకపోవడమే. తాళం వేసి డేటాను కాపీ చేసుకోండి, తీసేశాక లెక్కలు చేయండి. మోడ్‌బస్ (పరికరాలు మాట్లాడుకునే ప్రొటోకాల్) సమాధానం కోసం తాళం పట్టుకుని కూర్చోకూడదు. ఇంటరప్ట్‌లో మ్యూటెక్స్ అసలు తీసుకోకూడదు.

6. కంట్రోల్ లాజిక్‌ను పీసీ మీద థ్రెడ్ శానిటైజర్‌తో (థ్రెడ్‌లు ఒకే డేటా మీద కొట్టుకునే చోట్లను పట్టే టూల్) నడపండి, జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండింటిలోనూ ఉంది. ఇంటరప్ట్‌కు బదులు ఒక థ్రెడ్ పెట్టండి. అసలు ఇంటరప్ట్‌ల తీరు పీసీ మీద తేలదు కాబట్టి, రిలీజ్‌కు వెళ్లే ఓ2 బిల్డ్‌నే బోర్డులో వేసి, సిగ్నల్ జనరేటర్‌తో సరిగ్గా 1,00,000 పల్సులు పంపండి. కౌంట్ ఒక్కటి తగ్గినా మూడో మెట్టుకు వెళ్లి మళ్లీ వెతకండి.